బాణం ఎవరి మీదికి?

కృత్రిమ మేధ గురించి మాట్లాడుకునే చోటల్లా ఈమధ్య ఒక మాట తరచూ వినిపిస్తోంది. వాదనలను గడుల్లో రాసి, ఏది దేన్ని ఖండిస్తోందో బాణాలతో చూపి, చివరికి ఏది నిలిచిందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లకు కాలం చెల్లిందట. ఈ మాట అనేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. కాబట్టి ముందు వాళ్ల పక్షాన్ని వాళ్లు చెప్పినంత బలంగానే చెబుతాను.

మనుషులు వాదించుకునేది మాటలతో. ఆ మాటలను ఎవరో కూర్చుని ముక్కలు చేసి యంత్రానికి అందించాల్సి వచ్చేది కాబట్టి ఇన్నాళ్లూ ఈ గడులూ బాణాలూ అవసరమయ్యాయి. ఇప్పుడు చాట్‌బాట్ ఆ మాటలనే నేరుగా చదువుతోంది. వంద పేజీల చర్చ ఇస్తే నిమిషంలో సారం చెబుతుంది, రెండు పక్షాల బలాబలాలు చెబుతుంది, ఏది మెరుగో కూడా చెబుతుంది, అదీ తెలుగులో. పైగా గడుల్లో పెడితే వాదనలోని సున్నితత్వం పోతుంది. గడులు పెరిగేకొద్దీ లెక్క యంత్రానికే మోయలేని భారమవుతుంది. దశాబ్దాలుగా ఉన్నా ఈ పరికరాలు విశ్వవిద్యాలయాల ప్రహరీ దాటలేదు, ఎవరి మనసూ మార్చలేదు. ఇంకా వీటి మీద డబ్బూ శ్రమా పెట్టడం దండగ. ఇదీ పూర్వపక్షం.

ఇందులో చివరి అంశం సగం నిజం. మిగిలినవి తప్పు. ఇప్పుడే తేల్చుకోకపోతే రేపు మన రేషన్ కార్డు దగ్గర్నుంచి కోర్టు కాగితం దాకా నష్టపరిచే రకం తప్పు.

1. "చాట్‌బాట్‌ని అడిగితే చాలదా?"

కిందటి వేసవిలో మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మీద మీటింగు జరిగింది. కొత్త బోరు వేయాలా వద్దా అన్నది ప్రశ్న. ట్యాంకర్ల బిల్లు మోయలేకపోతున్నాం, బోరు వేద్దాం అన్నారు సెక్రటరీ గారు. వేసినా నీళ్లు పడవయ్యా, పక్క అపార్ట్‌మెంట్‌ వాళ్లది 900 అడుగుల బోరు, అదే ఎండిపోయింది అన్నారు మూడో అంతస్తు పెద్దాయన. అది ఎండిపోలేదంకుల్, లోపల పూడిపోయింది, ఫ్లషింగ్ చేయిస్తే నీళ్లొస్తాయి అన్నాడు మా ఎదురు ఫ్లాటు కుర్రాడు. పూడికేం లేదు బాబూ, కెమెరా దించి చూశారట అన్నారు కింది ఫ్లాటావిడ. రెండు గంటలు గడిచాయి, గొంతులు లేచాయి, ఏదీ తేలలేదు.

ఆ రాత్రి ఒకరు వాట్సాప్ గ్రూపులోని మెసేజీలన్నీ ఒక చాట్‌బాట్‌కిచ్చి తీర్పు అడిగారు. ఆరు పేరాల జవాబు వచ్చింది. ఇరుపక్షాల మాటల్లోనూ న్యాయముంది, నిపుణుల సలహా తీసుకోండి, అయితే దీర్ఘకాలంలో బోరు లాభించవచ్చు అని. పెద్దాయన తన ఫోన్లో, తన మాటల్లో, అదే చాట్‌బాట్‌ని అడిగారు. దీర్ఘకాలంలో బోరు నష్టమే కావచ్చని వచ్చింది. ఇద్దరూ స్క్రీన్‌షాట్లు పెట్టుకున్నారు. మీటింగులో ఉన్న గొడవే గ్రూపులోకి వచ్చింది, ఈసారి చక్కటి భాషలో.

మర్నాడు నేను ఆ నాలుగు మాటలకూ నాలుగు గడులు గీశాను. ఒకటి, బోరు వేద్దాం. రెండు, నీళ్లు పడవు, పక్కవాళ్లది ఎండిపోయింది. మూడు, ఎండలేదు, పూడింది. నాలుగు, కెమెరాలో పూడిక కనిపించలేదు. రెండో గడి నుంచి ఒకటో గడి మీదికి బాణం, మూడు నుంచి రెండు మీదికి, నాలుగు నుంచి మూడు మీదికి. ఇలాంటి బొమ్మ నుంచి తీర్పు రాబట్టే పద్ధతిని బ్యాంకాక్ దగ్గరి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసిన ఫాన్ మిన్ జుంగ్ 1995లో ప్రచురించాడు. ఈ రంగంలోని లెక్కగట్టే పరికరాల్లో చాలావాటికి పునాది ఆ వ్యాసమే. అందులోని అన్నిటికన్నా జాగ్రత్తగల సూత్రం చిన్నపిల్లలకు కూడా చెప్పవచ్చు. ఏ బాణమూ తగలని గడి నిలుస్తుంది. నిలిచిన గడి కొట్టినది పడుతుంది. తనను కొట్టినవన్నీ పడిపోతే ఆ గడీ నిలుస్తుంది.

నాలుగో గడి మీద బాణం లేదు, నిలిచింది. అది కొట్టిన మూడు పడింది. మూడు పడింది కాబట్టి రెండు లేచింది. రెండు లేచింది కాబట్టి ఒకటి పడింది. బోరు వద్దు. పావు నిమిషం పని.

నాకు ముఖ్యమైనది ఆ తీర్పు కంటే తర్వాత జరిగింది. బొమ్మ చూసిన కుర్రాడు వెంటనే అడిగాడు: "ఆ కెమెరా ఎంత లోతుకి దిగిందంకుల్?" మొత్తం తీర్పు నాలుగో గడికి వేలాడుతోందని బొమ్మలో కనిపిస్తోంది కాబట్టి అడగగలిగాడు. సెక్రటరీ గారు ఫోన్ చేశారు. కెమెరా కేబుల్ 400 అడుగులేనట. బోరు 900. ఐదో గడి పుట్టింది, బాణం నాలుగు మీదికి. నాలుగు పడింది, మూడు లేచింది, రెండు పడింది, ఒకటి నిలిచింది. తీర్పు తలకిందులైంది, ఎందుకు తలకిందులైందో ముప్ఫై మందికీ కనిపించింది.

చాట్‌బాట్ ఆరు పేరాల్లో కెమెరా ప్రస్తావన లేదా? ఉంది. నాలుగో పేరాలో, మరో మూడు అంశాల మధ్య, అన్నిటికీ సమానంగా. అంతా దాని మీదే ఆధారపడి ఉందని చెప్పే నిర్మాణం ఆ పేరాలో లేదు. ధారాళంగా సాగే వచనానికి ఉన్న జబ్బే ఇది: లేని మెట్టు కూడా ఉన్నట్టే అనిపిస్తుంది, చదివేవాడు దాని మీద కాలు వేసేస్తాడు.

దీనికి కొందరి సమాధానం నాకు తెలుసు. చాట్‌బాట్‌ని కారణాలు కూడా అడగండి, మెట్టు మెట్టుగా చెబుతుంది అంటారు. చెబుతుంది. అవే దాని అసలు కారణాలని ఎవరు హామీ ఇస్తారు? 2023లో మైల్స్ టర్పిన్, అతని సహచరులు ఒక పరీక్ష పెట్టారు. నమూనాగా ఇచ్చే ప్రశ్నలన్నిటిలో సరైన జవాబు ఎప్పుడూ మొదటి ఐచ్ఛికంగానే వచ్చేట్టు అమర్చారు. యంత్రాలు ఆ వరస చూసి మొదటి ఐచ్ఛికం వైపు మొగ్గాయి. మెట్టు మెట్టుగా రాసిన వివరణల్లో ఆ సంగతి రాలేదు. ఎంచుకున్న జవాబును సమర్థించే వేరే కారణాలు వచ్చాయి. అంటే మనం చదివే వివరణ ఒకటి, తీర్పు పుట్టిన దారి మరొకటి కావచ్చు. గడుల బొమ్మలో ఈ ఎడం ఉండదు. తీర్పు వచ్చిన దారీ, కళ్లముందున్న బాణాలూ ఒకటే. అనుమానమొస్తే పెన్సిల్ పట్టుకుని ఎవరైనా మళ్లీ లెక్కవేసుకోవచ్చు.

2. "వాదన గడుల్లో ఇమడదు"

ఈ ఆక్షేపణలో ఒక అపోహ దాగి ఉంది: గడులూ బాణాలూ గీసినవాళ్లకి వాదనలోని మెలికలు తెలియవని. చరిత్ర చూస్తే ఇది నిలవదు. అమెరికా న్యాయశాస్త్రవేత్త జాన్ హెన్రీ విగ్మోర్ 1913లోనే కోర్టు సాక్ష్యాలను చేత్తో చార్టులుగా గీశాడు. నమ్మకాన్నీ అనుమానాన్నీ వేరువేరుగా చూపే గుర్తులు అందులో ఉన్నాయి. 1958లో స్టీఫెన్ టూల్మిన్ ఆధారానికీ ముగింపుకీ మధ్య కనిపించని ముడి ఒకటి ఉంటుందని, దాన్ని బయటికి లాగి రాయాలని పట్టుబట్టాడు. ఆ తర్వాత జాన్ పోలక్ ఆ ముడి మీదనే దాడి చేయవచ్చని చూపాడు. వస్తువు ఎర్రగా కనిపిస్తోంది కాబట్టి ఎర్రటిదే అని నేనంటే, దాని మీద ఎర్ర లైటు పడుతోంది అని మీరంటారు. వస్తువు ఎర్రటిది కాదని మీరనలేదు. నా కారణానికీ నా ముగింపుకీ మధ్య ముడి తెంపారు, అంతే. హెన్రీ ప్రాకెన్, సంజయ్ మోద్గిల్ తీర్చిదిద్దిన ఆస్పిక్ ప్లస్ చట్రంలో మూడు రకాల దాడులకు వేరువేరు చోట్లున్నాయి: ఆధారం మీద ఒకటి, ముగింపు మీద ఒకటి, ముడి మీద ఒకటి. మామూలు సంభాషణలో ఈ మూడిటినీ "నేను ఒప్పుకోను" అనే ఒక్క మాటతో కలిపేస్తాం. సున్నితత్వం పోయేది ఎక్కడ మరి?

మా ఐదో గడి చూడండి. కేబుల్ 400 అడుగులే అన్నవాళ్లు బోరు పూడిందని అనలేదు. పూడిక కనిపించలేదు కాబట్టి లేదు అన్న ముడిని తెంపారు.

ఈ మెలిక తెలుగువాళ్లకి పరాయిది కాదు. కాశీకి వెళ్లినంత మాత్రాన అన్నంభట్టు అయిపోరన్న నానుడికి కారణమైన మన అన్నంభట్టు, విద్యార్థుల కోసం రాసిన తర్కసంగ్రహంలో దీన్ని ఉపాధి అన్న పేరుతో చెప్పాడు. పొగ ఉంటే నిప్పు ఉంటుంది. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుందంటే మాత్రం చెల్లదు, కట్టె తడిగా ఉండాలన్న షరతు అందులో దాక్కుంది. ఆ తడికట్టెను బయటపెట్టడమే ఖండన. మనవాళ్లు అన్నీ ముందే కనిపెట్టారని చెప్పడానికి ఈ మాట ఎత్తలేదు. కంప్యూటర్ ముందున్నా, గురువు ముందున్నా, రూపం ఇచ్చినప్పుడే దాక్కున్న షరతు దొరుకుతుందని చెప్పడానికి ఎత్తాను. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని ఐదు అవయవాలుగా విడగొట్టి చెప్పమన్నది వాదనను కురచ చేయడానికి కాదుగదా.

షరతును దాక్కోనిస్తే ఏమవుతుందో తెలంగాణలో చూశాం. సమగ్ర వేదిక పేరుతో ప్రభుత్వ శాఖల దగ్గరున్న సమాచారాన్ని కలిపి అర్హులెవరో తేల్చే వ్యవస్థ నడిచింది. అందులోని ఒక తర్కం వాక్యంగా రాస్తే ఇలా ఉంటుంది: ఈ కుటుంబంలోని మనిషి పేరూ ఆ కారు యజమాని పేరూ కలిశాయి, కాబట్టి వీళ్లకి కారుంది, కాబట్టి వీళ్లకి రేషన్ అక్కర్లేదు. ఎవరిదో కారును అలా ఒక పేద కుటుంబానికి అంటగట్టిన ఉదంతం పత్రికలకెక్కింది. 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఆ రద్దులన్నీ తప్పని నేననడం లేదు. పేరు కలిస్తే మనిషి కలిసినట్టే అన్న ముడి ఎక్కడా బయటికి రాయలేదు కాబట్టి, ఆ పేరుతో ఇంకో మనిషి ఉన్నాడండీ అని చెప్పుకోవాల్సిన అమ్మకి బాణం వేసే చోటే లేకపోయింది అంటున్నాను. మీసేవ కౌంటర్ దగ్గర నిలబడి ఆమె ఎవరిని ఖండించాలి? స్క్రీన్ మీద ఉన్నది ముగింపు ఒక్కటే.

రేపు ఆ స్క్రీన్ మీదికి ధారాళమైన తెలుగు పేరా వస్తే ఆమె పరిస్థితి మెరుగవుతుందా? ఇంకా దిగజారుతుంది. మర్యాదగా, తప్పులేని భాషలో చెప్పిన తిరస్కారాన్ని ఎదిరించడం ఇంకా కష్టం.

3. "లెక్క తప్పుతుంది, లేదా తెమలదు"

ఇక్కడ నా పక్షంలోని బలహీనతను నేనే చూపిస్తాను. చురుకైన ప్రత్యర్థి ఈపాటికి పట్టేసి ఉంటాడు. ఐదో గడి నాలుగును పడగొట్టగానే మూడో గడి, అంటే బోరు పూడిపోయింది అన్న మాట, నిలిచిపోయింది. దానికి రుజువేదీ? ఎవరూ చూడలేదు. దాన్ని కొట్టినది పడిపోయినంత మాత్రాన అది నిజమైపోతుందా?

కాదు. జుంగ్ పద్ధతిని ఉన్నదున్నట్టు వాడితే ఈ తప్పు జరుగుతుంది. అందులో గడి లోపల ఏముందో యంత్రం చూడదు, బాణాలే చూస్తుంది. ఈ లోటును ఈ రంగంవాళ్లు దాచలేదు, దాని మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. టామ్ గోర్డన్, హెన్రీ ప్రాకెన్, డగ్లస్ వాల్టన్ 2007లో ప్రచురించిన కార్నియాడీస్ నమూనాలో రుజువు భారం ఎవరిది, ఎంత రుజువు కావాలి అన్నది ప్రతి వాక్యానికీ విడిగా పెట్టవచ్చు. పూడిందని అన్నవాడే రుజువు చూపాలి అని పెడితే మూడు నిలవదు. రెండు మళ్లీ లేస్తుంది, బోరు ఆగుతుంది.

రెండు పద్ధతులు, రెండు తీర్పులు. చూశారా, మీ యంత్రాలు కూడా కొట్టుకుంటున్నాయి అంటారు వాళ్లు. నా జవాబు: అవి ఎక్కడ విడిపోయాయో వేలు పెట్టి చూపించగలను. రుజువు భారం ఎవరిది అన్న ఒక్క ప్రశ్న దగ్గర. అది మనుషులు తేల్చాల్సిన ప్రశ్న, బోరు ఖర్చు పెట్టేవాళ్లు కూర్చుని తేల్చాల్సిన ప్రశ్న. సెక్రటరీ గారి స్క్రీన్‌షాటూ పెద్దాయన స్క్రీన్‌షాటూ ఎక్కడ విడిపోయాయో ఎవరైనా చెప్పగలరా? ప్రశ్న అడిగిన తీరు మారింది, అంతకు మించి చెప్పలేం.

ఇంకొకటి. ఇద్దరు ఒకరినొకరు ఖండించుకుని, మూడో ఆధారం లేకపోతే, జాగ్రత్తగల సూత్రం ఏ ఒక్కరినీ నిలబెట్టదు, తేలలేదని ఊరుకుంటుంది. కాస్త ఉదారమైన సూత్రం, ఇక్కడ రెండు పొంతన గల పక్షాలున్నాయి, ఒకటి ఎంచుకోవాల్సింది మీరే అని రెండూ చేతిలో పెడుతుంది. తేలలేదు అని ధైర్యంగా చెప్పే యంత్రం నాకు ఎంతో విలువైనది.

పరిమాణం సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఆక్షేపణ పాతబడింది. జాగ్రత్తగల సూత్రం లెక్క ఎప్పుడూ తేలికే. ఉదారమైనదానిలో, ఒక వాదన సాధ్యమైన పక్షాలన్నిటిలోనూ ఉందా అని తేల్చడం, కంప్యూటర్ లెక్కల కష్టాన్ని కొలిచే మెట్లలో, ఎన్‌పీ తరగతి కంటే పై మెట్టుదని పాల్ డన్, ట్రెవర్ బెంచ్-కాపన్ 2002లో నిరూపించారు. కష్టమెంతో నిరూపించారంటే, ప్రశ్న ఏమిటో ముందు ఖచ్చితంగా చెప్పగలిగారని అర్థం. 2015 నుంచి ఈ లెక్కగట్టే ఇంజిన్లకు అంతర్జాతీయ పోటీలు జరుగుతున్నాయి. వియన్నాలో పుట్టిన ఆస్పార్టిక్స్, హెల్సింకీలో పుట్టిన మ్యూ-టోక్సియా లాంటివి మనుషుల మీటింగుల్లో ఎన్నడూ పుట్టనంత పెద్ద బొమ్మల మీద తలపడుతున్నాయి. ఏ గ్రామసభలోనూ, ఏ శాఖాపరమైన విచారణలోనూ వాదనలు వందలు దాటడం నేను చూడలేదు.

4. "ఎవరూ వాడటం లేదు, ఎవరి మనసూ మారడం లేదు"

సగం నిజమన్నది దీని మొదటి ముక్కే. డండీ విశ్వవిద్యాలయంలో క్రిస్ రీడ్, గ్లెన్ రో తయారుచేసిన అరౌకేరియా, ఆ తర్వాత బ్రౌజర్లోనే గీసుకునే ఓవా, మెల్‌బోర్న్‌లో టిమ్ వాన్ గెల్డర్ తరగతి గదుల కోసం నిర్మించిన పరికరాలు, 2017లో వచ్చిన కియాలో... వీటిలో జనంలోకి వెళ్లినవి తక్కువే. బీబీసీ రేడియో 4లో వచ్చే మోరల్ మేజ్ చర్చలను డండీ బృందం బాణాలతో విశ్లేషించి చూపింది. అలాంటివి ఇంకా కొన్నే. చాలా పరికరాలు గీయడానికే పనికొస్తాయి, లెక్కగట్టవు. లెక్కగట్టేవాటికి గీసుకునే ముఖం ఉండదు, ఫైల్లో వాక్యాలు టైపు చేయాలి. తెలుగు సంగతి మరీ బాధ. నేను వాడిన ఒకదానిలో ఒత్తులు గడి అంచు దాటి కోసుకుపోయాయి, మా బోరు వాదన కాగితం మీద గీయడానికి అసలు కారణం అదే. ఇవన్నీ బాగుచేయదగ్గ లోపాలు. పరికరం మొరటుగా ఉందంటే దాన్ని నునుపు చేయాలి. పని వద్దనడం ఎక్కడి తర్కం?

మనసు మారడం మాటకొస్తే, 2019 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐబీఎం వాళ్ల ప్రాజెక్ట్ డిబేటర్ యంత్రం హరీశ్ నటరాజన్‌తో ప్రీస్కూళ్ల సబ్సిడీ మీద వాదించింది. యంత్రం సబ్సిడీ పక్షం. వాదనకు ముందు ఆ పక్షాన ఉన్న శ్రోతలు 79 శాతం, తర్వాత 62. వ్యతిరేక పక్షం 13 నుంచి 30కి పెరిగింది, నటరాజన్ గెలిచాడు. గొప్ప ఇంజనీరింగ్, నేను కాదనను. కానీ ఆ అంకెల్లో ఎవరు ఎంతమందిని లాగారో ఉంది, ఎవరి ఏ మాట ఎదుటివారి ఏ మాటను పడగొట్టిందో లేదు. మనసు మార్చడానికి గొంతు చాలు, సామెత చాలు, కన్నీళ్లు చాలు. సరిచూసుకోవడానికి బొమ్మ కావాలి. రెండూ వేరు పనులు. ఒకదాని కొలమానంతో రెండోదాన్ని తూచి, తేలిపోయిందనడం న్యాయం కాదు.

చాట్‌బాట్‌ని బయటికి పొమ్మనను. పొడవాటి చర్చలోంచి గడులు ఏరడం, బాణాలు ప్రతిపాదించడం దానికి అప్పగించండి, ఆ చాకిరీ మనిషి కంటే వేగంగా చేస్తుంది. ఆ బాణాలను సంబంధిత మనుషులు ఒక్కొక్కటే చూసి ఒప్పుకోవాలి. లెక్క మాత్రం నియమం తెలిసిన ఇంజిన్ వేయాలి. ఒకరి పింఛను ఆపే, కార్డు రద్దుచేసే, సీటు నిరాకరించే ఏ నిర్ణయమైనా సరే, ఏ గడి మీద నిలబడిందో, ఎక్కడ బాణం వేయవచ్చో చూపే బొమ్మ లేకుండా వెలువడకూడదు. పేరా ఎంత అందంగా ఉన్నా సరే.

మా ఐదు గడుల కాగితాన్ని లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డు మీద అంటించాను. బోరు వేద్దామన్నవాళ్లు ఆ రోజంతా సంబరంగా ఉన్నారు. రెండో రోజు పొద్దున పాల ప్యాకెట్ కోసం దిగితే కాగితం మీద ఆరో గడి కనిపించింది, పెన్సిల్‌తో, వణికిన అక్షరాలతో: "వాల్టా చట్టం కింద బోరుకి పర్మిషన్ అడిగారా?" బాణం తిన్నగా ఒకటో గడి మీదికి. నేను చూసేసరికి సెక్రటరీ గారు అప్పటికే ఫోన్లో ఉన్నారు.